నోరీన్ కారుకి ఎర్రకుట్లు

నోరీన్ బ్లెంకిన్ కుట్టిన కర్టెన్లన్నీ ఒకదాని పక్కన ఒకటి పరిస్తే ఎందాకా పోతాయో ఎవరూ కొలిచి చూడలేదు గానీ, ఇంగ్లండులో ఏ సముద్రపొడ్డుకి వెళ్ళినా ఏదో ఒక కారవాన్ కిటికీలో ఆవిడ చేతి మడత ఉండే ఉంటుంది. పదహారో ఏట హల్ ఊళ్ళో కారవాన్ల ఫ్యాక్టరీలో మిషను ముందు కూర్చున్న మనిషి, మొన్న మార్చిలో లేచింది. చక్రాల మీద తిరిగే ఆ బుల్లి ఇళ్ళకి కర్టెన్లు, దిండు గలీబులు, బల్లల మీద మెత్తలు కుట్టడంలోనే వయసంతా గడిచింది. ఊరందరి కిటికీలకీ సముద్రం. ఆవిడకి మాత్రం ఏటా వేసవిలో వితర్న్‌సీలో మరుగుదొడ్ల గోడ.

ఆ గోడకి కారణం డెరిక్. నోరీన్ మొగుడు నెవిల్‌కి అన్నగారు, కార్ల మెకానిక్. కారవాన్ ఆయనది, దాన్ని లాగే కారు ఆయనది, కాబట్టి సెలవులూ ఆయనవే. నెవిల్, నోరీన్ ఆ పక్కనే గుడారం వేసుకుని ఆయన దయమీద పడుకునేవాళ్ళు. డెరిక్‌కి రాత్రుళ్ళు లేవడం అలవాటు. అందుకని కారవాన్లు నిలిపే ఏ మైదానానికి వెళ్ళినా మరుగుదొడ్ల పక్క స్థలమే పట్టేవాడు. "దగ్గర్లో ఉంటే హాయి కదా" అనేవాడు. హాయి ఆయనకి, వాసన అందరికీను.

ఫ్యాక్టరీలో చివరిరోజు చేతికిచ్చిన సొమ్ముతో నోరీన్ ఒక పాత కారవాన్ కొనేసింది. ఇద్దరు పడుకుంటే మూడోవాడు బయట నిలబడాల్సిందే, అంత చిన్నది. లోపల కర్టెన్ అంచు తిరగేసి చూసి "ఇది నేను కుట్టిందే!" అని అక్కడికక్కడే బేరం ఖాయం చేసింది. మే నెల సెలవులకి ఫ్లాంబరోలో, కొండచరియ అంచున ఉన్న మైదానంలో కారవాన్ల క్లబ్బు వాళ్ళందరూ కలుస్తారు. అక్కడ సముద్రం వైపు స్థలానికి తన పేరు కూడా రాయించుకుంది.

అంతా బాగానే ఉంది. కారవాన్‌ని లాగాలంటే కారు వెనక ఇనపకొక్కెం ఒకటి ఉండాలి. వాళ్ళ పాత వెండిరంగు కారుకి అది లేదు.

కొక్కేలు బిగించే దుకాణానికి వెళ్ళింది. ఆ దుకాణం ఆయన పేర్ల పుస్తకంలోకి ఒకసారీ, ఆవిడ మొహంలోకి ఒకసారీ చూసి, "మే నెల దాటేదాకా కుదరదు తల్లీ. అయినా డెరిక్ ఇంటిమనిషివి, నీకు మా కొట్టుతో పనేంటి?" అన్నాడు. ఆయనా, డెరిక్కూ శుక్రవారం శుక్రవారం ఒకే పబ్బులో బాణాలాట ఆడతారని నోరీన్‌కి అప్పుడు గుర్తొచ్చింది. ఇల్లు చేరేసరికి డెరిక్ వంటింట్లో కూర్చుని టీ తాగుతున్నాడు.

"ఏమ్మా, నేను చచ్చిపోయాననుకున్నావా?"

"లేదులే, బతికే ఉన్నావు. నా కప్పులో టీ తాగుతున్నావు."

"పరాయివాడికి డబ్బిచ్చి చేయించుకునే ఖర్మ నీకేంటి? కొక్కెం నేను బిగిస్తా. పైసా వద్దు." డెరిక్ బిస్కట్టు టీలో ముంచాడు. "ఒకటే మాట. కొత్తగా బండి లాగేవాళ్ళు ఆ ఫ్లాంబరో జోలికి పోకూడదు. ఈ ఏడాదికి వితర్న్‌సీ కానివ్వండి. నా పక్కన మీకూ స్థలం అట్టేపెట్టించా. నీ కారుతోనే నీ కారవాన్ నేను లాగి చూపిస్తా. నువ్వు పక్కన కూర్చుని నేర్చుకుందువుగాని."

నెవిల్ మొహం విప్పారింది. గొడవ లేకుండా తేలిపోయే ఏ పనైనా అతనికి పండగే. "చూశావా నోరీన్, మా అన్న మనసు!"

నోరీన్ చూసింది. డబ్బిచ్చి చేయించుకుందామంటే మే దాటిపోతుంది. ఊరికే చేయించుకుందామంటే మళ్ళీ ఆ గోడే, ఈసారి సొంత కిటికీలోంచి. ఇహ మిగిలినవి తన రెండు చేతులు.

"నేనే బిగించుకుంటా," అంది.

బిస్కట్టు విరిగి టీలో పడింది. "నువ్వా? అది గలీబు కాదమ్మాయ్, ఇనుము!"

"నువ్వు తాగే కప్పు కడగడం కూడా నేనే నేర్పాను నీకు. ఇది నేను నేర్చుకోలేనా?"

కొక్కెం సామాను పెద్ద అట్టపెట్టెలో వచ్చింది. శనివారం పొద్దున్నే ఇంటివెనక టెన్‌ఫుట్‌లో పాత దుప్పటి పరిచారు. పెరళ్ళ వెనక కార్ల షెడ్ల ముందు నుంచి పోయే పదడుగుల సందుని హల్ వాళ్ళు అలాగే అంటారు. అక్కడ ఎవరు ఏం చేసినా వీధంతా వచ్చి చూసిపోవచ్చు. నెవిల్ కుర్చీ వేసుకుని, ఎలా బిగించాలో రాసిన కాగితాలు పట్టుకుని గట్టిగా చదవడం మొదలెట్టాడు. అడిగిన పానా అడిగినప్పుడు అందించడం అతని ఉద్యోగం. సగంసార్లు పక్కదే అందించాడు.

ఇనుము పని నోరీన్ అనుకున్నంత మొండిది కాదు. వెనక బంపర్ ఊడబీకింది. లోపల అడ్డంగా ఉన్న కమ్మీ తీసేసి, దాని స్థానంలో కొత్త దూలం పెట్టింది. కారు అస్థిపంజరంలోకి బోల్టులు ఎక్కించింది. ఎంత బిగువు ఉండాలో అంత కాగానే టక్కుమనే పానా ఒకటి కొనుక్కుంది. అది టక్కుమన్నప్పుడల్లా ఆవిడకి ఒళ్ళు పులకరించింది. మిషను మీద నిటారుగా కుట్టు పడినప్పుడు ఉండే సంతోషం లాంటిదే. ఒక్కో బోల్టుకి రెండుసార్లు టక్కుమనిపించింది. రెండోది సరదాకి.

ఇక మిగిలింది బంపర్. కింది అంచు మధ్యలో కొక్కేనికి కాస్త కన్నం కొయ్యాలి. దాని పక్కనే కారవాన్ దీపాల తీగ గుచ్చే సాకెట్టుకి, ఎడమవైపు, ఇంకో కన్నం కొయ్యాలి. కొయ్యడానికి కొలతగా పెట్టెలోనే కాగితం ముక్క ఇచ్చారు.

కాగితం ముక్క చూడగానే నోరీన్‌కి ప్రాణం లేచొచ్చింది. ఇంతసేపూ పరాయి పని, ఇదైతే సొంత పని. కాగితం పెట్టి కత్తిరించడం తనకెవడు చెప్పాలి? బంపర్‌ని బోర్లా పడుకోబెట్టి, లోపలివైపు కాగితం పరిచి, సుద్దముక్కతో గీత గీసింది. బట్టకి ఎప్పుడూ లోపలివైపే గీస్తారు, సుద్ద మరక బయటికి కనబడకుండా. అది చేతికి పట్టిన అలవాటు, ఆలోచించి చేసేది కాదు.

"నోరీన్, ఇక్కడేదో 'బయటివైపు' అని..." అని నెవిల్ మొదలెట్టాడు.

"కాగితం సంగతి నాకు చెప్తావా?" అంది నోరీన్. నెవిల్ ఆ వాక్యాన్ని మింగేసి తర్వాతి పేజీ తిప్పాడు.

చిన్న రంపంతో ముచ్చటగా కోసింది. గరుకు కాగితంతో అంచు నున్నగా రుద్దింది. బంపర్ తిప్పి కారుకి పెట్టింది. కొక్కెం దాని కన్నంలోంచి దర్జాగా బయటికొచ్చింది. సాకెట్టు ఎడమవైపు ఉంది. దాని కన్నం కుడివైపు ఉంది.

అనాల్సిన మాట నెవిల్ ఇందాకే మింగేశాడు.

సరిగ్గా అప్పుడే సందు మొదట్లో డెరిక్ కనబడ్డాడు. చేతిలో ఎర్ర కారప్పొడి చల్లిన చిప్సు పొట్లం. సాయానికి కాదు, చూడ్డానికే వచ్చాడు. వంగి చూశాడు. పొట్లం కారు మీద పెట్టి, మోకాళ్ళు పట్టుకుని, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. తర్వాత ఫోను తీసి ఫొటో కొట్టాడు. అది క్లబ్బు వాళ్ళందరి ఫోన్లలోకీ వెళ్ళిపోయింది. కింద ఒకటే మాట: "దర్జీ కొక్కెం."

"సరేలే తల్లీ," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "నా కొట్లో పాత బంపర్ ఒకటుంది. ఇదంతా విప్పేసి రేపు నేను శుభ్రంగా బిగిస్తా. వితర్న్‌సీలో స్థలం ఇంకా అలాగే ఉంది."

చిప్సు వదిలేసి, నవ్వు వెంటబెట్టుకుని వెళ్ళిపోయాడు.

నోరీన్ పెరటి గడప మీద కూలబడి ఆ చిప్సే తింది. ఆకలి కోపం కన్నా పెద్దది.

"పోనీ ఒప్పేసుకుందామా?" అన్నాడు నెవిల్ మెల్లిగా. "గోడైతేనేం, గాలి సముద్రం మీదిదే కదా."

"గాలి తినడానికా నేను బండి కొన్నది?" నోరీన్ వేళ్ళకంటిన కారం నాక్కుంది. "ఒకటి చెప్పు. బండిని లాగేది బంపరా, దూలమా?"

"దూలం."

"దూలంలో తప్పుందా?"

"టక్కుమంది కదా."

"మరి ప్లాస్టిక్కులో కన్నం పడితే కొంపేం మునిగింది?"

నెవిల్ కూడా ఒక చిప్సు నోట్లో వేసుకున్నాడు.

వాళ్ళమ్మ గుర్తొచ్చింది నోరీన్‌కి. హెసిల్ రోడ్డు ఇంట్లో పెరటి తలుపుకి వల కట్టుకుని, చేపల పడవల కోసం నిలబడి అల్లేది. చిరిగిన వల బాగుచెయ్యడానికి వస్తే వేరే రంగు తాడుతో అతికేది. "ఇలా కనబడేలా వేస్తావేంటమ్మా?" అని ఒకసారి అడిగితే, "ఎక్కడ అతికానో తెలియాలి కదే, లాగేవాళ్ళకి? చేపలేమైనా వెక్కిరిస్తాయా?" అంది.

నోరీన్ లేచి ఎడమవైపు, ఉండాల్సిన చోట, రెండో కన్నం కోసింది. ఈసారి కాగితం బయటివైపే పెట్టింది. నెవిల్ చేత ఆ వాక్యం రెండుసార్లు చదివించుకుంది కూడా. కుడివైపు కోసిన ముక్కని చెత్తలోంచి వెతికి తెచ్చి, వెనక పలుచటి ప్లాస్టిక్కు ఆసరా పెట్టి, దాని చోట దాన్ని కూర్చోబెట్టింది. అంచుల చుట్టూ సన్నటి రంధ్రాలు తొలిచింది. సోఫాలకి వాడే వంకర సూదీ, మైనం పట్టించిన దారమూ తీసింది.

"బూడిదరంగు దారం లేదా?" అన్నాడు నెవిల్. "కారు రంగులో కలిసిపోతుంది కదా."

"ఉంది," అని ఎర్రదారం ఎక్కించింది నోరీన్.

వెండిరంగు మీద ఎర్రగా, బాతుకాళ్ళ వరసలాగా పడ్డాయి కుట్లు. ఒక్కటీ పొడుగూ పొట్టీ లేదు. సాయంత్రం దీపాల తీగలు కలిపి, కారవాన్ తగిలించి, నెవిల్‌ని వెనక నిలబెట్టి పరీక్ష పెట్టింది. "ఎడమ దీపం! వెలిగిందా?" అంటే, "వెలిగింది! ఎవరి ఎడమ?" అని అరిచాడు.

ఫ్లాంబరో మైదానంలో ఒక మర్యాద ఉంది. కొత్తవాళ్ళు వస్తున్నారంటే ముందొచ్చినవాళ్ళందరూ మడతకుర్చీలు బయటేసుకుని, టీ కప్పులు పట్టుకుని కూర్చుంటారు. ఎవరూ చూడరు. అందరూ పేపరు చదువుకుంటూనే ఉంటారు. ఒక్క పేజీ కూడా తిరగదు.

నోరీన్ మైదానంలోకి తిరిగేసరికి కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. మొదటి వరసలో డెరిక్. "ఊరికే, చూసిపోదామని" తన కారవాన్ కూడా లాక్కుని వచ్చేశాడు. బండిని వెనక్కి పెట్టడంలో నోరీన్ ఒకసారి కంచెలోకి పోయింది, ఒకసారి పక్కవాళ్ళ బట్టల తాడు దాకా పోయింది. మూడోసారికి స్థలంలో కూర్చోబెట్టింది. పేపర్లు కదల్లేదు.

కారవాన్ తగిలించి ఉన్నంతసేపూ కారు వెనకభాగం సరిగ్గా కనబడదు. ఇప్పుడు విప్పాలి. నెవిల్ కిటికీ దగ్గరికొచ్చి గుసగుసలాడాడు. "అందరూ ఫొటో చూశారే. విప్పగానే కారు ముందుకి లాగి, వీపు కంచెవైపు పెట్టెయ్యి. సోమవారం ఇంటికెళ్ళేదాకా ఎవడూ చూడడు."

నోరీన్ దిగి కారవాన్ విప్పింది. కారెక్కింది. ముందుకు పోనిచ్చి, గుండ్రంగా ఒక చుట్టు తిప్పి, కంచెవైపు ముక్కు పెట్టి, వీపు జనంవైపు పెట్టి ఆపింది. ఎర్రకుట్లు ఎండలో మెరిశాయి. ఆవిడ దిగి, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని కారు పక్కన నిలబడింది.

"పేపర్లు దించండి," అంది. "తిరగేసి పట్టుకున్నవాళ్ళకి కళ్ళు నొప్పెడతాయి. కాగితం తిరగేసి పెట్టింది నేనే. కోసింది నేనే. కుట్టింది నేనే. ఇక్కడిదాకా లాక్కొచ్చింది నేనే. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వండి, నాకు టీ పెట్టుకోవాలి."

ఎవరో ఒకరు నవ్వారు. ఆ వెంటనే చాలామంది నవ్వారు. నోరీన్ మొహం ఆ ఎర్రదారం రంగులోకి తిరిగింది గానీ, నడుం మీంచి చేతులు తియ్యలేదు.

డెరిక్ నవ్వలేదు. తన కారవాన్‌లోకి వెళ్ళి టక్కుమనే పానా తెచ్చాడు. కొత్త చొక్కా అని కూడా చూడకుండా గడ్డి మీద వెల్లకిలా పడుకుని కారు కిందికి దూరాడు. మైదానమంతా చెవులు రిక్కించింది. నెవిల్ కళ్ళు మూసుకున్నాడు.

టక్. కాసేపటికి ఇంకో టక్. ఒక్క బోల్టూ వెంట్రుకవాసి కదల్లేదు. అన్నీ అయ్యాక డెరిక్ కాళ్ళు మాత్రం చాలాసేపు కదలకుండా అలాగే ఉండిపోయాయి.

బయటికొచ్చాడు. జుట్టునిండా గడ్డి. "బాగానే ఉన్నాయి," అన్నాడు, ఎవరివైపూ చూడకుండా. తర్వాత ఆయన గుణం ఆయనకి తిరిగొచ్చింది. "ఆ కుట్లు మటుకు ఘోరం."

"కుట్ల సంగతి నువ్వు నాకు చెప్పకు, డెరిక్."

డెరిక్ మైదానం నాలుగువైపులా చూశాడు. "ఇంతకీ ఇక్కడ మరుగుదొడ్లు ఎక్కడ?"

నోరీన్ చెయ్యెత్తి చూపించింది. గేటు దాటి, గొర్రెల పాకకి అవతల, ఎర్రకప్పు ఒకటి అగ్గిపెట్టెంత కనబడుతోంది. డెరిక్ ఆ దూరం కళ్ళతో ఒకసారి నడిచొచ్చి, నీరసంగా కుర్చీలో కూలబడ్డాడు.

నోరీన్ లోపలికి వెళ్ళి నీళ్ళు స్టవ్ మీద పెట్టి, తను ఏనాడో కుట్టిన కర్టెన్లు పక్కకి లాగింది. సముద్రం కిటికీనిండా వచ్చి నిలబడింది.

"ఎండ కళ్ళల్లో కొడుతోందే, కొంచెం వెయ్యవూ," అన్నాడు నెవిల్.

"టోపీ పెట్టుకో," అంది నోరీన్.