మేకపోతు ఇచ్చిన బిస్కట్

నాచారంలో ఉన్న నా వైండింగ్ షాపు మీద, కాలిపోయి వచ్చి నా చేతిలో మళ్ళీ తిరిగిన ప్రతి మోటారు మీద, పైనున్న మా అమ్మ మీద ఒట్టేసి చెబుతున్నాను. ఇందులో ప్రతి అక్షరం నిజం. నన్నెరిగినవాళ్ళు ఇక్కడే నవ్వుతారని తెలుసు. నవ్వుకోండి.

నేను కోతలు కోస్తానని చిల్కానగర్‌లో మా చెల్లె ఉండే గల్లీ మొత్తానికి తెలుసు. ఉప్పల్ స్టేడియంలో కొట్టిన సిక్సర్ ఒకటి మెట్రో పట్టాల మీదుగా వచ్చి మా చెల్లె పప్పుచారు గిన్నెలో పడిందని అక్కడ ప్రచారం చేసింది నేనే. నమ్మినవాళ్ళున్నారు. ఎందుకంటే చివర్లో, "బంతి తగిలి గరిటె సొట్టవోయింది, ఇప్పటికీ ఆ సొట్ట గరిటెతోనే పోస్తది" అని ఊరికే కలిపాను. గరిటె సొట్ట నిజం. అది ఎలా పోయిందన్నది వేరే సంగతి.

ఈ కిటుకు నేను నేర్పింది ఒక్కరికే, మా చెల్లె కూతురికి. ఏడేళ్ళ పిల్ల. "అబద్ధం ఎంత పెద్దగున్నా ఫికర్ లేదు బిడ్డా. లోపట ఏడనో ఒక నిజం వెట్టాలె. పెద్దది గాదు, ఎవ్వరు పట్టించుకోనంత చిన్నది." పిల్ల బుద్ధిగా తలూపింది. ఎక్కాలు చెబుతుంటే అంత శ్రద్ధగా ఎప్పుడూ వినలేదు.

ఆ పిల్లకు కడుపునొప్పి మొదలైంది. నులిపురుగులన్నారు. బడికి పోవడానికి బద్ధకమన్నాడు పిల్ల తండ్రి, మా బావ. ఆయనది రైల్వేలో ఉద్యోగం, ఎవరైనా ఆలస్యంగా లేస్తే ఓర్చుకోలేడు. ఒకరోజు పిల్ల కళ్ళు పచ్చబడ్డాయి. అప్పుడు స్కానింగ్ చేయించారు. కాలేయంలో తయారైన పసరు పేగులోకి దిగే సన్నటి గొట్టం ఉంటుందట. మా పిల్లకు అది పుట్టుకతోనే సంచిలా ఉబ్బి ఉంది. చాలా అరుదుగా వస్తుందన్నారు. పసరు అందులో నిలవుండి చెడుతుంది, జ్వరాలొస్తాయి, వదిలేస్తే కాలేయం పాడవుతుంది. సంచి మొత్తం తీసేసి, పేగును పైకి తెచ్చి కాలేయం దగ్గర మిగిలిన గొట్టానికి కుట్టాలి. పిల్లల సర్జన్ కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. సగం జీవితం తీగలు అతికించిన వాణ్ణి, బొమ్మ చూడగానే నాకు అర్థమైంది. ఎందుకర్థమైందా అనిపించింది. అతుకు తప్పితే మోటారును మళ్ళీ విప్పుకోవచ్చు.

సర్జన్ ఇంకో మాట చెప్పాడు. ఒంట్లో జ్వరం లేనప్పుడే చేయాలి. జ్వరం వస్తే, మందులతో అంతా సర్దుకునేదాకా వారాల తరబడి ఆగాలి. అప్పటికే ఒక తేదీ అలా పోయింది. రెండో తేదీ ఇచ్చాక మా చెల్లె పొద్దస్తమానం పిల్ల నుదురు ముట్టి చూసేది.

"అమ్మా, నేనేమన్న ఇడ్లీ గిన్నెనా, ఊకె ముట్టి సూస్తవ్?" అనేది పిల్ల.

ముందురోజు సాయంత్రం దవాఖానాలో చేర్చాం. రాత్రి నుంచి ఏమీ పెట్టొద్దని, పొద్దున్నే మొదటి ఆపరేషన్ మాదేనని నర్సు చెప్పింది. తెల్లారింది. బయట ముసురు. చెల్లె స్నానానికి వెళ్ళింది. బావ రక్తం సంగతి కనుక్కోవడానికి కిందికి దిగాడు. పిల్ల దగ్గర నేనున్నాను. లాలాపేట్ నుంచి ఒక గిరాకీ ఫోన్ చేశాడు, బోరు మోటారు కాలిందట. వార్డులో మాట సరిగ్గా వినపడక వరండాలోకి వెళ్ళి మాట్లాడాను. తిరిగొచ్చేసరికి పిల్ల కిటికీ దగ్గర నిలబడి వాన చూస్తోంది. నేను చూసింది అంతే.

కాసేపటికి మత్తు డాక్టరమ్మ వచ్చింది. కోస్తా యాస, నెమ్మదైన మనిషి.

"ఏమ్మా, పొద్దున్నుంచి ఏమైనా తిన్నావా?"

"ఆఁ, తిన్న."

స్నానం చేసొచ్చి పిల్లకు జడ వేస్తున్న మా చెల్లె చెయ్యి ఆగిపోయింది.

"ఏం తిన్నావు తల్లీ?"

"బిర్యానీ. మెట్రో పట్టాల మీంచి మేకపోతు వచ్చింది. నన్ను వీపు మీద ఎక్కిచ్చుకొని ఉప్పల్ చౌరస్తకు తోల్కపోయింది. అదొక ప్లేటు తిన్నది, నేనొక ప్లేటు తిన్న."

"మేకపోతు బిర్యానీ తింటుందా?"

"చికెన్ బిర్యానీ!" అంది పిల్ల, ఆమాత్రం తెలియదా అన్నట్టు.

నర్సు ఫక్కున నవ్వింది. డాక్టరమ్మ కూడా నవ్వింది. చెల్లె ఊపిరి పీల్చుకుని, "అంతా మా అన్న నేర్పిచ్చిండు మేడం. గిట్లనే జెప్తది. రాత్రి సంది దాని నోట్లె ఏం వడలే," అంది. డాక్టరమ్మ సరేనని వెళ్ళబోయింది.

బిర్యానీ దగ్గర కథ ఆపే పిల్ల కాదది. నేనలా నేర్పలేదు.

"తర్వాత ఏమైంది బిడ్డా?" అన్నాను.

"అన్నా, జర ఊకో," అంది చెల్లె.

"మేకపోతు నిన్ను ఈడ దింపి పోయిందా?"

"ఆఁ. పోతా పోతా బిస్కట్ ఇచ్చింది."

"ఎట్లుండె?"

"మెత్తవడ్డది," అని పిల్ల మూతి ముడిచింది.

ఏడేళ్ళ పిల్ల కల్పిస్తే మేకపోతు క్రీమ్ బిస్కట్ తెస్తుంది, చాక్లెట్ తెస్తుంది. మెత్తబడిన బిస్కట్‌ను ఎవరు కల్పిస్తారు? నేనింతకాలం ఇన్ని కోతలు కోశాను, నాకు కూడా తట్టదు.

కిటికీ గట్టు మీద పక్క మంచం పిల్లాడికి తోడున్న అవ్వది గ్లూకోజ్ బిస్కట్ల పొట్లం ఉంది. నోరు తెరిచి, వాన జల్లుకు చెమ్మ పట్టి. ఒకటి తీసి విరిచాను. చప్పుడు కాలేదు, వంగింది.

"అవ్వా, మా పిల్లకు ఇచ్చినవా?"

"నేనెందుకిస్త కొడుకా, ఆపరేషన్ పిల్లకు? ఆడ వెట్టిన. వార్డుల పోరగాండ్లంత వచ్చి తీస్కపోతనే ఉంటరు. కావలి గూసున్ననా?"

పిల్ల ముందు వంగి కూర్చున్నాను. "బిడ్డా, కథ గాదు. నిజం జెప్పు. ఇదే తిన్నవా?"

పిల్ల వాళ్ళమ్మ ముఖం చూసింది, నా ముఖం చూసింది. "జెప్పిన గద మామా. మేకపోతు ఇచ్చింది."

డాక్టరమ్మ ముఖంలో నవ్వు పోయింది. "చూడండి, మత్తిచ్చాక కడుపులో ఉన్నది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. ఒక్క బిస్కట్టయినా సరే. దగ్గరున్నది మీరే కదా. తిన్నదా, లేదా?"

చెల్లె నా మణికట్టు పట్టుకుంది. "అన్నా, నీకు దండం వెడ్త, తినలే అని జెప్పు. మల్ల జ్వరమొస్తే ఏం జేద్దాం? అది నీ కథే. నీ కథ నువ్వే నమ్ముతవా?"

లేనిదాని మీద క్షణంలో ఒట్టు వేయగలిగినవాణ్ణి. ఆ రోజు చేతిలో ఉన్న బిస్కట్‌ను తిప్పి చూశాను.

"తిన్నది మేడం."

"మీరు చూశారా?"

"చూడలేదు. తిన్నది."

ఆపరేషన్ ఆగింది. ఇంత పెద్ద ఆపరేషన్‌కు థియేటర్ మళ్ళీ ఖాళీ అయ్యేది ఎల్లుండికేనన్నారు. "నీ కోతలు తెచ్చి నా బిడ్డ నెత్తిన వెట్టినవ్," అని చెల్లె గోడ వైపు తిరిగింది. బావ అరవలేదు. అరిచినా బాగుండేది. "సూడలేదన్నవ్ గద బావా," అని ఒక్క మాటన్నాడు. పిల్లను మళ్ళీ మళ్ళీ అడిగారు. ప్రతిసారీ మేకపోతే వచ్చింది. మూడోసారికి దానికి గజ్జెలు కూడా మొలిచాయి.

మర్నాడు సాయంత్రం పిల్ల కడుపు పట్టుకుని ముడుచుకుపోయింది. చెల్లె నుదురు ముట్టి చూసింది. నా చెయ్యి పట్టుకుని తెచ్చి పిల్ల నుదుటి మీద పెట్టింది. వెచ్చగా ఉంది.

అక్కడ నిలబడలేక రోడ్డు మీదికి వచ్చాను. ఉప్పల్ బస్సులు, నీళ్ళలో ఆటోలు, తల మీద మెట్రో. బిస్కట్ మెత్తగా ఉందని ముట్టుకున్నా తెలుస్తుంది కదా? ఎవరో పిల్లాడు తింటూ చెప్పినా తెలుస్తుంది కదా? పొద్దున ఈ ఆలోచన ఎందుకు రాలేదు? కాలిన వాసన చూసి మోటారులో ఏం పోయిందో చెప్పేస్తాను, విప్పాక వేరేది కనిపించిన రోజులు లేవా? పైన రైలు పోతుంటే తలెత్తి చూశాను. మేకపోతు కోసం కాదు. ఏమో, మేకపోతు కోసమేనేమో.

తెల్లవారేసరికి ఒళ్ళు చల్లబడింది. సర్జన్ వచ్చి రక్తం రిపోర్టు చూశాడు, కడుపు నొక్కి చూశాడు, కిటికీలోంచి బయటికి చూశాడు. మేమంతా ఆయన ముఖం చూస్తున్నాం. "ఇన్ఫెక్షన్ లేదు. చేద్దాం," అన్నాడు. ఆ పొద్దున పిల్లను ఒక్క క్షణం ఎవరూ వదల్లేదు. అవ్వ బిస్కట్ పొట్లాన్ని దిండు కింద పెట్టి దాని మీద పడుకుంది.

"ఈరోజు మేకపోతు వచ్చిందా?" అని అడిగింది మత్తు డాక్టరమ్మ.

"రాలే. వాన వడ్తుంది గద," అంది పిల్ల. స్ట్రెచర్ కదిలింది.

థియేటర్ బయట కుర్చీల వరస. చెల్లెకూ నాకూ మధ్య ఒక కుర్చీ ఖాళీ. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ముగ్గురం లేచేవాళ్ళం. అది వేరేవాళ్ళ కోసం తెరుచుకునేది. కూర్చునేవాళ్ళం. బావ గోడ గడియారాన్ని తన చేతి గడియారంతో సరిచూసి, రెండిట్లో ఏది తప్పో తేల్చుకోలేకపోయాడు. ఎవరూ టీ అన్న మాట ఎత్తలేదు. మధ్యాహ్నం దాటాక సర్జన్ వచ్చాడు, ముక్కు మీద మాస్కు గుర్తు ఎర్రగా పడి ఉంది.

"సంచి మొత్తం వచ్చేసింది. అతుకు బాగా పడింది. పసరు దిగుతోంది."

బావ చేతి గడియారం విప్పి, గోడ గడియారం టైముకు సరిచేసుకున్నాడు.

మర్నాడు మమ్మల్ని లోపలికి పంపారు. ముక్కులో గొట్టంతో పిల్ల కళ్ళు తెరిచి, నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసింది. "మామా, బిస్కట్ నిజంగనే తిన్న. అమ్మకు జెప్పకు," అంది. చెల్లె నా వెనకే ఉంది. విన్నది. నా భుజం మీద చెయ్యి వేసింది.

నేను వేసిన ఒట్టు సర్జన్ మాట దాకానే. ఈ చివరి ముక్క కల్పించాను. పిల్ల ఆ మాట అనలేదు. నేనే దాని చెవి దగ్గరికి వంగి, "ఇప్పుడన్న జెప్పు బిడ్డా, తిన్నవా?" అని అడిగాను. అది నీరసంగా కళ్ళు మూసుకుని, "మేకపోతునడుగు," అంది. చెల్లె వెనకే ఉన్న మాట నిజం. విన్న మాటా నిజమే. భుజం మీద ఏ చెయ్యీ పడలేదు.

పిల్ల ఇప్పుడు బాగుంది. పొట్ట మీద అడ్డంగా ఉన్న కుట్ల గుర్తు బడిలో చూపించి, మేకపోతు కొమ్ము గీసుకుపోయిందని చెబుతోందట. ఆ రెండు రోజులు ఆగడం అవసరమో, ఊరికే పెట్టిన గోసో నాకు తెలియదు. షాపుకు వచ్చేవాళ్ళకు ఈ కథ చాలాసార్లు చెప్పాను. అక్కడికి వచ్చేసరికి ప్రతిసారీ పిల్ల చేత 'నిజంగనే తిన్న' అనిపిస్తాను. చెల్లె ముందు మాత్రం ఇంతవరకు చెప్పలేదు.