తాడు చివర కూర్చున్న మనిషి

ముందే చెబుతున్నాను. ఇందులో ఒక్క ముక్క కూడా కల్పన లేదు. కావాలంటే సముద్రం వైపు తిరిగి ఒట్టు పెడతాను. పాలెం కోడలు సముద్రం మీద అబద్ధపు ఒట్టు పెట్టదు. నవ్వకండి... ఆ సాయంత్రం నా స్థానంలో మీరుంటే తెలిసేది.

నాది నాయుడుపేట. హైవే మీద లారీల మోత వింటూ పెరిగినదాన్ని. మురళిని చేసుకుని ఇక్కడికి వచ్చేదాకా సముద్రాన్ని నాలుగుసార్లు చూశానేమో. ఇప్పుడు మా ఇద్దరికీ ఈ రిసార్టే లోకం. రిసార్టు అంటే పెద్దగా ఊహించుకోకండి. ఆరు గదులు, సరుగుడు తోపులో నాలుగు ఊయలలు, దిబ్బ మీద ఒక వంటసాల. అంతే. శనాదివారాల్లో నెల్లూరు నుంచి, సూళ్లూరుపేట నుంచి జనం వస్తారు. నా చేపల పులుసు కోసం వస్తారని నేనంటాను. సముద్రం కోసం వస్తారని మురళి అంటాడు. ఆ తగాదా ఇంకా తేలలేదు.

వచ్చినవాళ్ళలో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, పాత ఊరు ఎక్కడ అని. మా గదుల ముందు నిలబడి నీళ్ళలోకి వేలు చూపిస్తాం. మా మామ పోలయ్య చిన్నతనంలో పాలెం అక్కడే ఉండేది. ఒక తుఫానుకి ఒడ్డు తెగింది. ఇళ్ళు పోయాయి. మామ వాళ్ళ పెద్దన్న కూడా ఆ నీళ్ళలోనే పోయాడు. మిగిలినవాళ్ళు వెనక్కి జరిగి, కాలువ గట్టున కొత్త పాలెం కట్టుకున్నారు. పాత ఊరి మంచినీళ్ళ బావి మాత్రం ఇప్పటికీ నీళ్ళ అడుగున చెక్కుచెదరకుండా ఉందని మామ అంటాడు. ఎవరూ నమ్మరు. నేనూ నమ్మేదాన్ని కాదు.

మామకి ఒక అలివి వల ఉంది. పడవలో వెళ్ళి నీళ్ళలో అర్ధచంద్రంలా వేసి, తాళ్ళు ఒడ్డుకు తెచ్చి, జనమంతా కలిసి లాగే పెద్ద వల. పదిహేనుమందికి తక్కువైతే కదలదు. కుర్రాళ్ళు పోర్టు పనులకు పోయాక లాగేవాళ్ళు లేరు. రెండేళ్ళుగా వల పాకలో పడి ఉంది. ఒకరోజు అన్నం ముందు కూర్చుని మామ అన్నాడు.

"ఒక్కతూరి లాగి చూస్తా మ్మే. రాకపోతే కత్తిరించి తోటలోళ్ళకి ఇచ్చేస్తా. దడులకైనా పనికొస్తాది."

మాట తేలిగ్గానే అన్నాడు. ఆ పూట అన్నం మాత్రం ముట్టలేదు. సొంత చేత్తో అల్లిన వల అది.

ఆ శనివారం సూళ్లూరుపేట నుంచి తొమ్మిదిమంది దిగారు. ఒకే కుటుంబం. వాళ్ళకి పెద్ద ఒక డ్రిల్లు మాస్టారు. ఎర్ర టోపీ, మెడలో ఈల. వల సంగతి వినగానే ఈల ఊదేశాడు.

"మేం లాగుతాం పెద్దాయనా! ఎంతమంది కావాలో చెప్పు!"

పాలెం నుంచి మరో ఎనిమిదిమందిని మురళి పోగు చేశాడు. నాలుగు గంటలకు అందరికీ టీ ఇచ్చాను. మామ, మురళి కాక, లాగేవాళ్ళకే పదిహేడు గ్లాసులు. ఈ పదిహేడు గుర్తుపెట్టుకోండి.

ఎంత సందడి అనుకున్నారు! మామ పక్కన నిలబడి లాగుడు కూత అందుకోగానే అందరూ "హొయ్" అని వెనక్కి వాలేవారు. మాస్టారి భార్య రెండుసార్లు ఇసుకలో కూలబడింది. పిల్లలు కిందపడి దొర్లి నవ్వారు. మామ మొహం చూడాలి... పదేళ్ళు తగ్గిపోయాడు.

చీకటి పడింది. చంద్రుడు లేడు. వల ఇంకా రాలేదు. తాళ్ళు రెండూ ఒకచోటికి చేరాయి. అందరూ ఒకే వరసలో ఉన్నారు. నేను, మా అత్త కామాక్షమ్మ దిబ్బ మీద పొయ్యి దగ్గర ఉన్నాం. ఎసరు మరుగుతోంది. పాలెం వాళ్ళలో ఎవరు ఉన్నారో, ఎవరు ఇంటికి వెళ్ళిపోయారో తెలియదు. ఎంత బియ్యం పోయాలి? ఫోన్‌లో లైటు వేసి, వరస మీదికి కొట్టి, తలలు లెక్కపెట్టాను.

అదే నేను చేసిన తప్పు. అలివి తాడు మీద ఉన్నవాళ్ళని లెక్కపెట్టకూడదు. ఈ పాలెంలో పసిపిల్లకి కూడా తెలుసు. నాయుడుపేట దానికి ఎవరు చెప్పారు?

ముందు నీళ్ళలో ఎర్ర టోపీ. అక్కడి నుంచి ఒకటి, రెండు, మూడు... పద్దెనిమిది.

మళ్ళీ లెక్కపెట్టాను. పద్దెనిమిదే.

చివరి మనిషి వరసకి కాస్త ఎడంగా, ఇసుకలో కూర్చుని ఉన్నాడు. చొక్కా లేదు. వీపు మాత్రమే కనిపిస్తోంది. ముందువాళ్ళు లాగిన తాడు తన దగ్గరికి రాగానే తీరిగ్గా చుట్ట చుడుతున్నాడు. ఎవరో పెద్దాయన ఆలస్యంగా వచ్చాడనుకున్నాను.

"అత్తా, పద్దెనిమిదిమంది ఉన్నారు. ఇంకో శేరు పోయనా?"

అత్త చేతిలో గరిటె ఆగిపోయింది.

"ఏంది? లెక్కపెట్టినావా? తాడు మీద ఉన్నోళ్ళనా?"

"అన్నానికి అత్తా..."

"ఓసి నీ తెలివి తెల్లారిపోనూ! లెక్కపెడితే తగ్గిపోతారే మనుషులు!"

నాకు నవ్వొచ్చింది. "తగ్గలేదత్తా. పెరిగినారు."

అత్త నవ్వలేదు. అప్పుడే కింద కేక... తాడు ఆగిపోయింది.

అందరూ లాగుతున్నారు. కదలదు. మామ నీళ్ళ దాకా పరుగెత్తాడు.

"బావికి తగులుకున్నాదిరా! ఇటికల ఒరకి పట్టుకున్నాది! ఇంక లాగబాకండి, చినిగిపోతాది!"

పడవ దగ్గరున్న మురళి లుంగీ ఎగగట్టి నీళ్ళలోకి దిగాడు. నడుము లోతు... మెడ లోతు... ఒక అల వచ్చింది. మునిగాడు. వల విడిపించి వస్తాడులే అనుకున్నాం.

రాలేదు.

ఇంకో అల. ఇంకోటి. ఎంతసేపయిందో లెక్కపెట్టబోయాను. అత్త మాట గుర్తొచ్చింది. నోరు మూసుకున్నాను. మాస్టారి ఈల ఆగిపోయింది. పిల్లల నవ్వులు ఆగిపోయాయి. మామ గొంతు కూడా పడిపోయింది. ఒక్క అలల చప్పుడు... పొయ్యిలో చితుకుల చిటపట... అంతే. నా కాళ్ళు దిబ్బ దిగడం లేదు.

అప్పుడు వినిపించింది.

తాడు చివరి నుంచి... ఒక కూత. పాట కాదు, అరుపు కాదు. వలలు లాగేవాళ్ళు ఊపిరి కలపడానికి అందుకునే కూత. సన్నటి గొంతు. తొందర లేదు. మామ కూతలా లేదు, అంతకన్నా పాతగా ఉంది. చివర్లో చిన్న విరుపు...

ఎవరూ ఎవరితోనూ ఏమీ అనలేదు. అందరూ ఒక్కసారే వెనక్కి వాలారు. మాస్టారు, భార్య, పిల్లలు, పాలెం వాళ్ళు... అందరూ. తాడు కిర్రుమంది. ఇంకో కూత. ఇంకో లాగుడు. ఏదో ఊడినట్టు తాడు జారింది. పదిహేడుమందీ వెల్లకిలా పడ్డారు.

నీళ్ళలో తల లేచింది. మురళి. దగ్గుతున్నాడు... నవ్వుతున్నాడు!

"నాయనా! ఇటికలు! ఇటికలు తగిలినాయి కాలికి! బావి ఉండాది నాయనా, నువ్వు జెప్పింది నిజమే!"

నేను దిబ్బ ఎలా దిగానో నాకు తెలియదు. చీరతో సహా నీళ్ళలో ఉన్నాను. వాడి చెంప మీద ఒకటి కొట్టి, వెంటనే కావలించుకున్నాను. అందరి ముందూ! సిగ్గు తర్వాత గుర్తొచ్చింది. వల దారాల్లో కాలు చిక్కుకుందట. సరిగ్గా ఆ లాగుడుకే విడిపోయిందట. ఇంకో క్షణం ఆలస్యమైతే... వద్దులెండి.

వల వచ్చేసింది. ఒక మూల కాస్త చిరిగింది, అంతే. లోపల చేపలే చేపలు... కవళ్ళు, కానాగంతలు, తళతళలాడే రెండు పెద్ద పండుగొప్పలు. మాస్టారు మళ్ళీ ఈల ఊదాడు. పిల్లలు గంతులు. మామ ఆ గోలలో లేడు. తాడు చివర ఇసుకలో గొంతుక్కూర్చుని ఉన్నాడు. దగ్గరికి వెళ్ళాను.

తాడు చుట్ట చక్కగా పేర్చి ఉంది. మనిషి లేడు.

"ఎవరు మ్మే చుట్టినారు ఇది?"

"చివర కూర్చున్నాయన, మామా. చొక్కా లేదు."

మామ చుట్ట మీద వేలు తిప్పి చూపించాడు. మా పాలెంలో అందరూ కుడివైపుకి చుడతారు. ఇది ఎడమకి తిరిగి ఉంది.

"ఇట్లా చుడితే మా నాయన కొట్టేవాడు," అన్నాడు మామ. "మా పెద్దన్నని. వాడిది ఎడమచెయ్యి."

అని నవ్వాడు. కళ్ళ నిండా నీళ్ళు పెట్టుకుని నవ్వాడు.

ఆ రాత్రి పులుసు, వేపుడు, వేడి అన్నం. ఇసుకలోనే బంతి. ఇంత సంతోషంగా నా చేతివంట ఎవరూ తినలేదు. నేను మాత్రం అటూ ఇటూ చూస్తూనే ఉన్నాను. చొక్కా లేని పెద్దాయన ఎక్కడా లేడు. పాలెం వాళ్ళని ఒక్కొక్కరినీ అడిగాను. తాడు చుట్టింది మేం కాదన్నారు. కూత అందుకున్నదెవరంటే, మామే కదా అన్నారు. మామ కాదు. ఆయన నా కళ్ళ ముందు నీళ్ళలో నోరు తెరుచుకుని నిలబడి ఉన్నాడు.

ఆగండి... ఇంకో సంగతి ఉంది. పొద్దున గదులు ఖాళీ చేస్తూ మాస్టారు పుస్తకంలో సంతకం పెట్టాడు. ఎడమచేత్తో!

నా ప్రాణం లేచొచ్చింది. "మాస్టారూ, తాడు చుట్టింది మీరేనా?"

"నేనా అమ్మా? ముందరి నుంచి నేను కదల్లేదు గదా. తాడు చుట్టేది నాకు రాదు."

నిజమే. ఎర్ర టోపీ ముందే ఉంది, రెండుసార్లూ చూశాను. కానీ చీకట్లో టోపీ ఇంకెవరికైనా ఇచ్చాడేమో? టీ ఇచ్చాక ఎవరైనా వచ్చి పక్కన కూర్చున్నారేమో? మురళి అదే అంటాడు. పొగలో నీ కళ్ళు మసకబారాయి అంటాడు. సరే... మరి ఆ గొంతు?

మామ వల కత్తిరించలేదు. చిరిగిన మూల మర్నాడే కుట్టేశాడు. ఇప్పుడు శనివారం శనివారం గెస్టులతో లాగిస్తున్నాడు. బావి ఎటుందో తెలిసింది కాబట్టి, దానికి ఎడంగా వేస్తాడు. నేను లెక్క మానేశాను. కుండ నిండా వండి పడేస్తాను.

ఆ మనిషి ఎవరో నాకు తెలియదు. దయ్యమంటే దయ్యం, మాస్టారంటే మాస్టారు, నా కంటి పొర అంటే అదే అనుకోండి. ఎవరైనా సరే, ఒకసారి ఎదురుపడితే కూర్చోబెట్టి పులుసు పోయాలని నాకుంది. అదిగో... ఆ గదిలో గురక వింటున్నారా? మురళిది. ఒకప్పుడు ఆ గురకకి చిరాకుపడి చాప వరండాలో వేసుకునేదాన్ని. ఇప్పుడు అది కాసేపు ఆగితే నిద్రలో లేచి కూర్చుంటున్నాను.