వంటింట్లోకి వచ్చిన కాటా

నాకు అనుమానం ఎక్కువ. ఈ సంగతి మా ఆవిడ పెళ్ళయిన కొత్తలోనే కనిపెట్టింది. ఇంటికి వచ్చినవాళ్ళందరికీ ఇప్పటికీ చెబుతూనే ఉంటుంది. నేను కాదనను. కృష్ణగిరిలో మామిడికాయల మండీ నడిపేవాడికి అనుమానం లేకపోతే ఎలా? గంపలో పైన పరిచిన కాయ వేరు, అడుగున పడి ఉన్న కాయ వేరు. పైకాయ చూసి మురిసిపోయేవాడు ఆ వ్యాపారంలో ఒక్క సీజను కూడా నిలవడు. అందుకని మనుషుల్ని కూడా అడుగునుంచి తడిమి చూడటం అలవాటైపోయింది. ఇంట్లో ఆ అలవాటు మానుకుందామని నేనెప్పుడూ అనుకోలేదు.

అటువంటి నా ఇంట్లోకి ఒకరోజు ఓవెనూ, కాటా వచ్చాయి. ఓవెన్ సంగతి నాకు అర్థమైంది. హోసూరులో ఉండే మా అమ్మాయి పెద్దది కొనుక్కుని పాతది వాళ్ళమ్మకు ఇచ్చింది. కూతుళ్ళు పాత సామాను పుట్టింటికి చేర్చడం లోకంలో ఉన్నదే. కాటా మాత్రం కొత్తది. అరచేయంత తెల్ల పలక, మీద అంకెలు వెలుగుతాయి. అది మా ఆవిడ అడిగి మరీ తెప్పించుకుందట. నాకు అక్కడే తిరకాసు కనిపించింది.

ఎందుకంటే మా ఆవిడది చేతి కొలత. నలుగురికైనా పెళ్ళిపందిరికైనా పిడికిలితో ఉప్పు వేస్తుంది. కూర ఉడుకుతుంటే గిన్నె మీదకు వంగి ఒక్కసారి గాలి పీల్చి, ఇంకో చిటికెడు పడాలో లేదో చెప్పేస్తుంది. నాలుక మీద చుక్క వేసుకోదు. మా ఇళ్ళలో వండే మనిషి రుచి చూడకూడదు, చూస్తే ఎంగిలి. ముందు దేవుడి గూట్లో పెట్టాలి, ఆ తర్వాతే ఎవరైనా నోట్లో పెట్టుకోవాలి. కాబట్టి ఉప్పు, పులుపు, కారం అన్నీ ముక్కుతోనే తేల్చడం వాళ్ళమ్మ దగ్గర నేర్చుకుని వచ్చింది. అలాంటి మనిషికి గ్రాములెందుకు?

"కేకులకు గ్రాములు తప్పితే పొంగవంట" అంది అడిగితే.

"మనకు కేకులెందుకే?"

"పాప బర్త్‌డే వస్తా ఉంది గదా. డార్క్ చాక్లెట్ కప్ కేకులు చేస్తాను. పైన వెన్న క్రీమ్ కూడా పెడతాను."

మనవరాలి పుట్టినరోజుకు ఏటా కజ్జికాయలు చేసే మనిషి ఈ మాట అంటోంది. నాకు లెక్క తెలిసిపోయింది. మా అమ్మాయి హోసూరులో ఒక కంపెనీ ఆఫీసులో పని చేస్తుంది. పాపను చూసుకునే ఆయమ్మ వస్తే వచ్చినట్టు, లేకుంటే లేనట్టు. "అమ్మా, నువ్వొచ్చి నాతోనే ఉండు" అని ఆ పిల్ల ఫోన్‌లో అడగడం నేను చాలాసార్లు విన్నాను. ఆ ఇంట్లో ఓవెన్, కాటా, క్రీమ్ గిలకొట్టే మిషను అన్నీ ఉన్నాయి. అంటే, అక్కడి వంటింటికి కావలసిన శిక్షణ ఇక్కడ మొదలైందన్నమాట.

నాకు భయం వేసింది. దాన్ని ఇంకో పేరుతో పిలవడం అనవసరం. మండీలో నా ఎదురు షాపాయన భార్య ఇలాగే కొన్నాళ్ళని చెప్పి బెంగళూరులో కూతురింటికి పోయింది. ఆ కొన్నాళ్ళు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. ఆయన బస్టాండు దగ్గర మెస్‌లో తిని, సాయంత్రం ఇంటికి పోవడానికి మనసు రాక షాపు ముందే కూర్చుంటాడు. నాకు కాఫీ పెట్టుకోవడం కూడా రాదు. అయినా అది కాఫీ సంగతి కాదు. ఆమె లేని ఇంటి తాళం నేను తీయగలనా అన్నది సంగతి.

అప్పటినుంచి కనిపెట్టి చూడటం మొదలుపెట్టాను. చూసేకొద్దీ అన్నీ దొరికాయి. నేను భోజనం చేస్తుంటే ఎదురుగా కూర్చుని కన్ను ఆర్పకుండా నా ముఖమే చూసేది. ఇన్నేళ్ళలో లేని మురిపెం ఇప్పుడెందుకు? వదిలిపోయేవాళ్ళు కదా అలా కళ్ళారా చూసుకునేది! వంటింట్లోకి నేను అడుగుపెడితే దొంగలా ఉలిక్కిపడేది. ఒకరోజు చారు ఉప్పు కషాయంలా ఉంటే, ఇంకోరోజు పప్పు చప్పగా ఉండేది. మనసు ఇంట్లో లేనప్పుడు చేయి ఎలా నిలుస్తుందిలే అనుకుని, నేనూ ఊరుకోకుండా, "ఏమే, ఉప్పుకు మన ఇంట్లో కరువొచ్చిందా?" అని అనేవాణ్ణి. ఆమె ఉప్పు డబ్బా తెచ్చి ముందు పెట్టేది. ఎదురు మాట అనని మా ఆవిడను నేను అంతకుముందు చూడలేదు.

డెంకణికోటలో ఉన్న వాళ్ళక్కతో ఫోన్‌లో గుసగుసలు కూడా మొదలయ్యాయి. నేను వరండాలో పేపరు అడ్డం పెట్టుకుని విన్నాను. "ఆయనకు చెప్పద్దక్కా. తెలిస్తే ఏమనుకుంటాడో" అంది. ఇంకేం కావాలి నాకు?

పుట్టినరోజుకు ముందు ఒక విడత చేసి చూసింది. నేను పెద్దమనిషిలా కుర్చీ తెచ్చుకుని వంటింటి గుమ్మంలో కూర్చున్నాను. గుడ్డు వేయలేదు, దేవుడికి పెట్టాలి కాబట్టి పెరుగూ సోడా ఉప్పూ కలిపింది. మైదా కాటా మీద పోసి, అంకె చూసి, ఒక చెంచా వెనక్కి తీసి, మళ్ళీ అంకె చూసింది. మా మండీలో తూకం వేసే మనిషి ఇంత నిజాయితీగా ఉంటే నేను ఎప్పుడో దివాలా తీసేవాణ్ణి. మసిలాంటి కోకో పొడి మీద వేడి కాఫీ డికాషన్ పోసింది. నల్ల చాక్లెట్ ముక్కలు కరిగించి కలిపింది. కాగితపు కప్పుల్లో పిండి జారవిడిచి ఓవెన్‌లో పెట్టి, గడియారం ముందు కూర్చుంది.

కాసేపటికి ఇల్లంతా ఘుమఘుమలాడిపోయింది. మేడ మీద అద్దెకుండే అమ్మాయి మెట్ల మీదనుంచే, "ఏం చేస్తా ఉండారు ఆంటీ?" అని కేకేసింది. మా ఆవిడ మాత్రం గడియారం నుంచి కళ్ళు తిప్పలేదు.

"వాసన బాగుందే" అన్నాను, నేను కూడా మనిషినే కదా.

చటుక్కున నా వైపు తిరిగింది. "ఎట్లుంది? చెప్పండి, ఎట్లుంది?"

"బాగుందన్నాను కదా."

"కాఫీ వాసన ఎక్కువుందా, చాక్లెట్‌దా? మాడిన వాసన ఏమన్నా తగులుతా ఉందా?"

పొగడ్తల కోసం ఇంత కక్కుర్తా అనుకున్నాను. హోసూరు అపార్టుమెంటులో అందరికీ పంచి పేరు తెచ్చుకోవాలని ఉందేమో. "సుమ్నే ఊరికే తిందాం పెట్టు, ఈ ఇంటర్వ్యూ ఎందుకు?" అన్నాను. ఆమె ముఖం చిన్నబోయింది. కేకు మాత్రం ఒప్పుకోవాలి, చేదూ తీపీ సమంగా, మెత్తగా వచ్చింది. కాటా వేసిన వంటలో ఉప్పు తప్పలేదు.

ఆ వారంలోనే సామల్పట్టిలో బంధువుల పెళ్ళికి పోయాం. తిరిగొచ్చేసరికి కరెంటు పోయి ఫ్రిజ్ ఆగిపోయి ఉంది. పాలు విరిగాయి, ఇడ్లీ పిండి పొంగి కిందికి కారింది. అవి పారబోసింది. రోజూ మీగడ తీసి కూడబెట్టి చిలికిన వెన్నముద్ద మాత్రం గిన్నెతో అలాగే ఉంచుకుంది. మా ఇంట్లో బజారు వెన్న అడుగుపెట్టదు. "క్రీమ్‌కు ఉప్పు లేని వెన్న కావాలంట. ఇంటి వెన్నలో ఉప్పు యాడుంటాది?" అని తనలో తాను మురిసిపోయింది.

పుట్టినరోజు ఆదివారం వచ్చింది. మా అమ్మాయి, అల్లుడు, పాప మధ్యాహ్నానికి వస్తామన్నారు. మా ఆవిడ పొద్దున్నే తల స్నానం చేసి కేకులు ఓవెన్‌లోంచి తీసి ఆరబెట్టింది. వెన్నను తెల్లబడేదాకా గిలకొట్టి, చక్కెర పొడి జల్లించి కలిపి, ఒక చెంచా పాలు, ఒక చుక్క వెనిలా ఎసెన్సు వేసింది. మూల కత్తిరించిన సంచీలో నింపి ప్రతి కేకు మీదా గుండ్రంగా తిప్పి కుచ్చులా నిలబెట్టింది. చూడటానికి బేకరీ అద్దాల పెట్టెలో పెట్టినట్టే ఉన్నాయి. మొదటిది దేవుడి గూట్లో పెట్టి దండం పెట్టుకుంది. రెండోది పళ్ళెంలో పెట్టి నా చేతికిచ్చి, ఎప్పటిలాగే ఎదురుగా కూర్చుని నా ముఖం చూడసాగింది.

నోటి దాకా రాకముందే కొట్టింది కంపు. పులిసి, చెడి, వెనిలాకు కూడా లొంగని కంపు. నేను చేయి ఆపేశాను. ముందు వచ్చింది అనుమానమే, నా బుద్ధి ఎక్కడికి పోతుంది. పోతూ పోతూ ఇది కూడా నాకు మిగిల్చిందా అని. కానీ ఇవే కేకులు ఇంకాసేపట్లో మనవరాలికి కూడా పెడుతుంది కదా. ఏ తల్లి, ఏ అవ్వ అలా చేస్తుంది?

"వెన్న చెడిపోయిందే" అన్నాను. "ఇంత కంపు కొడతా ఉంటే నీకు తెలీలేదా?"

ఆమె క్రీమ్ గిన్నె ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుంది. గుండె నిండా పీల్చింది. నేను చూస్తూనే ఉన్నాను. అంత కంపు పీల్చినా ముఖంలో ఒక్క గీత కూడా మారలేదు. మళ్ళీ పీల్చింది. గిన్నె కింద పెట్టి, తడి చేతులతోనే నేల మీద కూర్చుండిపోయింది.

"వానల్లో జ్వరం వచ్చినప్పుడు పోయింది ముక్కు" అంది. "రుచి తిరిగొచ్చింది, వాసన రాలేదు. వస్తాది, వస్తాది అని చూస్తా ఉంటిని."

ఆమె చెబుతూనే పోయింది. వాసన లేకపోతే ఉప్పు తెలియదు. నాలుక మీద వేసి చూద్దామంటే దేవుడికి ఎంగిలి పెట్టినట్టవుతుంది. అందుకని నేను మొదటి ముద్ద తినేటప్పుడు నా ముఖం చూసి ఉప్పు సరిపోయిందో లేదో తెలుసుకునేదట. కాటా అడిగింది కూడా అందుకే. గ్రాములు లెక్కపెట్టి చేసేదైతే ముక్కుతో పనిలేదు, ఒక్క వంటైనా తప్పు లేకుండా చేయవచ్చని. వాళ్ళక్క వాము ఆవిరి పట్టమని, కర్పూరం పీల్చమని ఫోన్‌లో చెబితే అవన్నీ చేసిందట.

"మరి నేనొస్తే ఉలిక్కిపడతావెందుకు?" అని అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను.

"మీరు గేటు దాటేసరికే మామిడికాయల వాసన వచ్చేది. తల తిప్పకుండానే తెలిసేది మీరొచ్చినారని. ఇప్పుడు ఎనకాల వచ్చి నిలబడినా తెలీదు. ఎవరో కొత్త మనిషి ఇంట్లోకి వచ్చినట్టుంటాది."

ఇంతకాలం ఆమె ఎటో పోతుందని నేను కాపలా కాశాను. ఆమెకు మాత్రం నేనే ఇంట్లోంచి పోయాను.

"నాకెందుకు చెప్పలేదే?"

"చెప్తే మీరు వంటమనిషిని పెడతారు. ఆ పిల్లకు తెలిస్తే హోసూరుకు తీసుకుపోతాది. నా వంటిల్లు పోతాది గదా!" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఓదార్చడం నాకు చేతకాదు. బండి తీసుకుని బయటికి పోయి, ఇన్నేళ్ళలో మొదటిసారి బజారు వెన్న కొన్నాను. కేకుల మీద క్రీమంతా ఇద్దరం కూర్చుని చెంచాలతో గీకి తీసేశాం. ఆమె మళ్ళీ గిలకొట్టింది. వెన్న, పాలు, ఎసెన్సు ఒక్కొక్కటే నా ముక్కు దగ్గర పెట్టింది. నేను బాగుందన్న ప్రతిసారీ ఆమె నా ముఖంలోకి తొంగి చూసింది. పైకాయ చూసి నేను అడుగుకాయ వెతికే చూపు అది.

మధ్యాహ్నం పిల్లలు వచ్చారు. పాప మూతి నిండా క్రీమ్ పూసుకుని ఇంకోటి కావాలంది. అప్పుడు మా ఆవిడే, ఎవరూ అడగకుండా, సంగతంతా కూతురికి చెప్పేసింది. ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "నాతో వచ్చేయమ్మా. ఆడ పెద్ద డాక్టర్‌కు చూపిద్దాం. నువ్వేం వండినా మేం తింటాం. నిన్నెవరూ ఒక్క మాట అనరు" అంది.

నేను పళ్ళెం పట్టుకుని అలాగే ఉండిపోయాను. అవునంటుందేమోనని ఆమె నోటి వంకే చూశాను.

"డాక్టర్ దగ్గరికి వస్తాను, చూపించుకుని సాయంత్రానికి తిరిగొస్తాను" అంది మా ఆవిడ. "మొన్న నీకు పంపిన పులిహోరలో ఉప్పే లేదు. నేను తిన్నాకనే తెలిసింది నాకు. నువ్వు ఫోన్ చేసి ఏమంటివి? సూపరమ్మా అంటివి. ఆడ అందరూ అదే అంటారు. ఈడైతే బాగలేదని చెప్పేదానికి మీ నాయన ఉండాడు. ఆయన బాగుందంటే నేను నమ్మొచ్చు."

మనవరాలి మూతి తుడుస్తున్నట్టు తల దించుకున్నాను.