తెల్లదుప్పటి మీద నల్ల మనిషి

పక్కింటి దర్జీ కుట్టుమిషన్ తొక్కడం మొదలుపెడితే నాకు ఇప్పటికీ వీపు బిగుసుకుంటుంది. ఆ టకటక వినగానే మొయినాబాద్ క్రైస్తవ మిషనరీల బడి హాలు, గోడకు కట్టిన తెల్లదుప్పటి, దాని పక్కన నిలబడ్డ సుగుణమ్మ టీచర్ కళ్లముందు మెదులుతారు. ఆమె దేన్నీ ఊరికే నమ్మే మనిషి కాదు. మంచినీళ్లిచ్చినా వాసన చూసిగాని తాగేది కాదు. "టీచరమ్మకు తన నీడ మీద గూడ అనుమానమే" అని మా ఊరు కనకమామిడిలో అమ్మ నవ్వేది.

ఒకసారి బడి వ్యవహారాలు చూసే తెల్ల దొరసాని, చేత్తో తిప్పితే టకటకలాడే సినిమా మిషన్ తెచ్చింది. అన్నీ గీసిన బొమ్మలే. పరుగెత్తేవి, పడేవి, మాటలు మాత్రం లేవు. అందుకని దుప్పటి పక్కన నిలబడి తెలుగులో కథ చెప్పే పని టీచర్‌ది. పిల్లీ ఎలుకల ఆట అయ్యాక ఒక మనిషి వచ్చాడు. ఒళ్లంతా సిరా నలుపు, ముఖంలో సగం పెదవులే. పులి తరుముతుంటే పడుతూ లేస్తూ ఉరికాడు. హాలంతా గొల్లుమంది, నేనూ నవ్వాను. ముందు వరుసలోని పిల్లవాడొకడు వెనక్కి, నా వైపు తిరిగి, "అరే, మన రూతమ్మ లెక్కనే ఉన్నడు!" అన్నాడు. ఆ బడిలో నా అంత నలుపు ఇంకెవరూ లేరు. టీచర్ అప్పటికే కథ చెప్పడం ఆపేసింది.

మరునాటి నుంచి నా పేరు సిరాబుడ్డి అయింది. బడికి పోనని మొండికేశాను. "పోకుంటే కూలికన్న రావాలె" అన్నాడు బాపు. సంగతి తెలిసి టీచర్ మా ఇంటికి నడిచి వచ్చింది. ఓదారుస్తుందనుకున్నాను.

"ఆ బొమ్మ గీసినోడు నిన్ను చూసిండా?"

"లేదు."

"నీ అసుంటోళ్లనన్న చూసిండా?"

"ఏమో, టీచరమ్మా."

"నాకైతే అనుమానమే. చూసినోడు గట్ల గియ్యడు. శనివారం చేవెళ్లల అదే ఆట ఉన్నది. నువ్వు రావాలె. అటెనుక కూలికి పోతవో, బడికొస్తవో నీ ఇష్టం."

నలుగురిలో మళ్లీ నవ్వులపాలు చేయడానికేనా అని ఆమె మీదే అనుమానం కలిగింది. అయినా బడి పిల్లలతో బండెక్కాను. చేవెళ్లలో ఆ నల్ల మనిషి రాగానే నవ్వులు మొదలయ్యాయి. టీచర్ గొంతెత్తింది.

"ఈయన పేరు దావీదు. చెల్లెకు జ్వరమొచ్చింది. దవాఖాన నుంచి మందు పట్టుకొని ఇంటికి పోతున్నడు."

నవ్వు సన్నగిల్లింది. పులి వచ్చి, అతను బోర్లాపడేసరికి ఆడవాళ్లు "అయ్యో, ఉరుకు బిడ్డా, ఉరుకు!" అని కేకలు పెట్టారు. దొరసాని మిషన్ తిప్పుతూనే జనాన్ని అనుమానంగా చూసింది.

"ఎందుకు నవ్వడం లేదు?"

"కథ వింటున్నరమ్మా" అంది టీచర్.

రీలు అయిపోయింది. దుప్పటి తెల్లగా మిగిలింది. వెనక నుంచి ఒక ముసలమ్మ అడిగింది: "ఇల్లు చేరిండా, లేదా?"

టీచర్ ముసలమ్మ వైపు తిరిగింది. "తెల్వదవ్వా. గీసినోడు ఆయనకు ఇల్లు గియ్యలే."

నాకు ఏడుపు ఆగలేదు. సోమవారం బడికి పోయాను. నన్ను వెక్కిరించిన పిల్లవాడు పలక మీద ఒక గుడిసె గీసి, "దావీదుకు" అని నా ముందు పెట్టాడు. ఇందులో ఏం ఎగతాళి ఉందోనని పలక తిప్పి వెనక కూడా చూశాను. ఏమీ లేదు.

ఆ గుణం నాకు టీచర్ ఇచ్చిపోయిందే. మనవలు బొమ్మల సినిమా పెట్టుకుని పడిపడి నవ్వుతుంటే, ఎవరిని చూసి నవ్వుతున్నారా అని నేనూ పోయి కూర్చుంటాను. ఆ మనిషి వెనక ఇల్లుందా అని వెతుకుతాను. కనబడకపోతే నవ్వను.