పొద్దుతిరుగుడు సంచులు

ఆమెకు కంచెమ్మ అన్న పేరు పడింది మేకలాయనతో తగవప్పుడే. మూతబడ్డ బ్యాటరీల కార్ఖానా స్థలంలో మట్టి నిండా సీసం. దాన్ని వేళ్లతో లాక్కుంటాయని పొద్దుతిరుగుడు వేశారు. ఎదిగిన మొక్కల్ని కోసి, సంచుల్లో కుక్కి, సంచులతో సహా సిమెంటు గుంటలో పూడ్చాలి. కోతా, కంచె కాపలా ఆమె పని.

"ఎలాగూ పూడ్చిపెట్టే మేతేగా. నాలుగాకులు తింటే నీ సొమ్మేం పోయింది?" అన్నాడు మేకలాయన.

"నాదేం పోదు, నీ మేకలే పోతాయి. ముందు నువ్వు తిను. రేపటికి లేచి తిరిగితే నేనే గేటు తీస్తా."

చుట్టూ ఉన్నవాళ్లు పకపకా నవ్వారు. అతను గొణుక్కుంటూ మేకల్ని మళ్లించుకుపోయాడు. క్యారేజీ తెచ్చిన అక్క కళ్లారా చూసి మురిసిపోయింది. చెల్లెలి నోరు అలాంటిది.

పారేసే గుణం మాత్రం ఆ చెల్లెలికి పుట్టుకతోనే లేదు. అంత దిట్టమైన సంచుల్ని గుంటపాలు చేయడానికి ప్రాణం ఒప్పలేదు. మొక్కల్ని గుంటలో దులిపేసి, ఖాళీ సంచులు ఇంటికి తెచ్చింది. పెరటి కుళాయి కింద ఉతికి, నాలుగింటిని కలిపి కుట్టి మనవరాలి కింద పరిచింది. పాప దానిమీదే పాకింది. దాని అంచే చప్పరించింది.

ఈమధ్య పాప తిండి మానేసింది. కడుపు పట్టుకుని ఏడుస్తోంది. అప్పుడప్పుడే వచ్చిన మాటలు ఎటు పోయాయో తెలియదు. "పళ్లొస్తున్నాయి లేమ్మా" అంది కూతురు. కంచెమ్మా అలాగే అనుకుంది.

నిన్న కూతురు పెరట్లో చెంబుతో నీళ్లు పోస్తూ, "ఎంత గుట్టే అమ్మా నీకు. పూలమొక్కలు నాటి ఒక్క మాటైనా చెప్పలేదు" అంది.

కుళాయి పక్క తడిలో పొద్దుతిరుగుడు మొలకలు నిగనిగలాడుతున్నాయి. ఆమె ఏవీ నాటలేదు. సంచుల కుట్లలో దాక్కుని విత్తనాలే వచ్చాయంటే, వాటి వెంట ఇంకేం వచ్చిందో ఆమెకొకరు చెప్పాలా? గుమ్మంలోంచి లోపలికి చూసింది. పాప సంచి అంచు నోట్లో పెట్టుకుని, ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుని ఉంది.

సంచిని లాగి అవతల పడేసి, నేరుగా అక్క ఇంటికి వెళ్లింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అక్కా, చెప్పులేసుకో. పాపకు రక్తం పరీక్ష చేయించాలి. పళ్లొస్తున్నాయంటుంది దాని తల్లి, అననివ్వకు. డాక్టరు ముందు నా నోరు పెగలకపోతే నువ్వు చెప్పు. ఆ సంచి తెచ్చింది నేనేనని, నా కూతురు వింటుండగానే చెప్పు."