పాత కెప్టెన్‌కి నేను కట్టిన ధర

నేను పుట్టి పెరిగింది బట్టల కొట్లో. సరుకులో లోపం వెతికి ధర దించడంలో నన్ను మించినవాడు లేడు. ఆ నేర్పుతోనే అమెరికాలోని ఇర్వింగ్‌లో ఒక ఆదివారం ముక్కు పగలగొట్టించుకున్నాను.

బేస్‌బాల్ సీజన్ మొదలై రెండు వారాలే అయినా మా జట్టు వరసగా ఓడుతోంది. పక్క అపార్ట్‌మెంట్ అన్నతో కలిసి వాళ్లింట్లో మ్యాచ్ చూస్తున్నాను.

"డ్రెస్సింగ్ రూమ్‌లో అందర్నీ నిలబెట్టేది ఆ పాత కెప్టెనే. ఆయనుంటే మే నెలకి పుంజుకుంటార్రా," అన్నాడు అన్న.

నిజానికి నా నమ్మకమూ అదే. కానీ ఎదుటివాడు చెప్పిన ధరకి ఒప్పుకోవడం నా ఒంట్లో లేదు.

"ఆయన బ్యాట్ ఊపితే గాలి కూడా రావట్లేదన్నా. తప్పుకోమను."

"ఓడినప్పుడు కుర్రాళ్లకి ధైర్యం చెప్పేదెవడ్రా, మీ తాతా?"

"ధైర్యం చెప్పడానికి అంత జీతమెందుకు? మీ ఆఫీసువాళ్లకి కూడా తెలిసొచ్చిందిగా!"

అన్నని టీమ్ లీడ్ పదవి నుంచి తీసేసి, అతను పని నేర్పిన కుర్రాణ్ణే ఆ సీట్లో కూర్చోబెట్టి అప్పటికి వారమైంది.

రిమోట్ నా ముక్కు మీద విరిగింది. నేను అతని మోకాలి మీద తన్నాను. ఇద్దరం గాజు టీపాయ్ మీద పడ్డాం. అతను నెత్తురోడుతున్న చేత్తోనే నా మెడ పట్టి తలని గోడకేసి కొట్టాడు, మళ్లీ కొట్టాడు.

"పోలీసులొస్తే ఇద్దరి వీసాలూ పోతాయి!" అని వదిన అరిస్తేగానీ వదల్లేదు.

ఆ తరవాత అతను నాకు తలుపు తియ్యలేదు.

లెక్క చూస్తే నా ముక్కు వంకరైంది, అతని అరచేతికి కుట్లు పడ్డాయి. అవి చెరిసగం. ఆఫీసు మాట మాత్రం నోరుజారి వచ్చింది కాదు. లోపం ఎక్కడుందో తెలిసే నొక్కాను. అది మొత్తం నాదే.