అంచు దగ్గర తగువు

మ్యూజియం వెనక గదిలో ఆమెను అందరూ సూదక్క అనే పిలుస్తారు. ఎప్పటివో పాత సముద్రాల గవ్వలకు అంటిన మట్టిని భూతద్దం కింద సూదితో గీకి తీయడం ఆమె పని. ఆమె నోరు సూది కంటే వాడి అని కూడా అంటారు, కాకపోతే ఆమెకు వినపడకుండా.

ఆ రోజు సూదక్కకు ఒళ్ళు మండిపోతోంది. తెల్లవారగానే పక్క వాటాలో ఉండే మరిది మేస్త్రీని పిలిపించి, ఆమె గది కిటికీకి అడ్డంగా తన వంటగది గోడ మొదలుపెట్టించాడు. ఆ గదికి వెలుతురొచ్చేది ఆ ఒక్క కిటికీలోంచే. కిటికీ బయటి మూరెడు జాగా ఎవరిదో మామగారు తేల్చకుండానే పోయారు.

"కాస్త జరిగి కట్టుకోవయ్యా" అంటే, "మాకు పిల్లలు ఎదుగుతున్నారు వదినా. మీరిద్దరేగా" అన్నాడు మరిది.

మొన్న మెట్ల కింది చోటు, నిన్న బట్టలారేసే తీగ, ఇవాళ కిటికీ. సూదక్క భర్త వైపు చూసింది.

"పోనీలేవే, లైటు వేసుకుందాం" అన్నాడాయన. ఆయన నోరు తిండికీ ఆవలింతకూ తప్ప తెరుచుకోదు. తెరుచుకుంటే వచ్చేది ఈ పోనీలే ఒకటే.

ఆ మంటతోనే వచ్చి పనిలో కూర్చుంది. భూతద్దం కింద గవ్వ, దాని వీపు మీద రెండు పొరలు. కంటికి ఆనని జీవాలు వేలకు వేలు ఒకదాన్నొకటి ఆనుకుని గూళ్ళు కట్టుకుంటే, చాప పరిచినట్టు ఏర్పడ్డ పొరలవి. ఒకటి పాత జాతి, రెండోది చాలా కాలం తర్వాత వచ్చిన జాతి. రెండిటికీ కావలసింది జాగాయే. ఎదురుపడ్డ చోట ఒకటి రెండోదాని మీదికి పాకుతుంది, కింద పడ్డదాని నోళ్ళు మూసుకుపోతాయి. ఏది పైకెక్కిందో అంచు చూసి, గెలిచిన జాతి పళ్ళెంలో గవ్వను వేయాలి. మూడుసార్లలో రెండుసార్లు కొత్తదే గెలుస్తుంది.

ఈ గవ్వ మీదా కొత్తదే పైన ఉంది. సూదక్క పళ్ళు కొరుకుతూ దాన్ని తీసి పాత జాతి పళ్ళెంలో పడేసింది. తర్వాతి దాన్నీ అందులోనే వేసింది.

మధ్యాహ్నం, ఆ గవ్వల మీద పరిశోధన చేస్తున్న మేడం వచ్చి పళ్ళెం చూసింది. వయసులో చిన్నది, సూదక్కను అక్కా అనే పిలుస్తుంది.

"ఇవి ఇక్కడున్నాయేంటక్కా? కళ్ళజోడు మార్చాలా?"

"కళ్ళకేం, బాగానే ఉన్నాయి. అస్తమానం అదే ఓడిపోతుంటే చూడలేక వేశాను."

మేడం నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగింది. "మనం గెలిపిస్తే అది గెలిచినట్టు కాదక్కా. నా పనంతా తప్పులతడక అవుతుంది" అంటూ గవ్వల్ని వెనక్కి మార్చింది. "అయినా దాని మీద అంత జాలెందుకు? కోట్ల ఏళ్ళుగా ఓడుతూనే ఉంది, అయినా పోలేదు. ఇప్పటికీ సముద్రంలో ఉంది."

"ఉందా?"

"ఉంది. అంచు దగ్గర ఓడినంత మాత్రాన జాతి అంతరించిపోదు. ఎందుకో మాకే ఇంకా పూర్తిగా తెలీదు."

ఇంకొకరైతే ఆ మాటకు కుదుటపడేవారేమో. సూదక్కకు మంట రెట్టింపైంది.

"జాతి ఉందమ్మా, సరే. ఈ గవ్వ మీద ఉన్నదాని సంగతేంటి? ఎక్కడో చుట్టాలు బతికున్నారని దీనికి ఊపిరాడిందా?"

"ఆడలేదు" అంది మేడం. "ఇది ఇక్కడే చచ్చిపోయింది."

సూదక్క సూది కింద పెట్టి లేచింది. "నేను ఇంటికెళ్ళాలి."

"ఒంట్లో బాలేదా?"

"కిటికీ బాలేదు."

ఆమె చేరేసరికి ఇటుకలు కిటికీ అంచుదాకా లేచాయి. మరిది నీడలో కుర్చీ వేసుకుని చూస్తున్నాడు. సూదక్క ఎవరినీ పలకరించకుండా లోపలికి వెళ్ళి, కిటికీ తలుపులు బార్లా తీసి అందులో కూర్చుంది. రెండు కాళ్ళూ బయటికి, గోడ మీది తడి సిమెంటులోకి చాపింది.

"దిగు వదినా. నలుగురూ నవ్వుతారు."

"నవ్వనీ. టికెట్టు పెట్టుకో, ఆ డబ్బుతో ఇంకో గది కట్టుకోవచ్చు."

"కాళ్ళ మీద ఇటుకలు పెట్టమంటావా?"

"పెట్టించు, చూస్తాను."

మేస్త్రీ తాపీ పట్టుకుని ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "సిమెంటు మాలు బిగుసుకుపోతోందయ్యా. ఏదో ఒకటి తేల్చండి."

గదిలోంచి భర్త గొంతు వినిపించింది. "పోనీ..."

"ఆ మాట ఇంకోసారి అన్నారంటే మిమ్మల్నీ తెచ్చి ఇక్కడే కూర్చోబెడతాను."

ఆయన కాసేపటికి మంచినీళ్ళ గ్లాసు తెచ్చి ఆమె పక్కన పెట్టాడు. ఆమె తాగలేదు, తీసేయమనీ అనలేదు.

సాయంత్రానికి తట్టలో సిమెంటు రాయిలా గట్టిపడింది. మేస్త్రీ తాపీ కడుక్కుని చొక్కా వేసుకున్నాడు.

"రేపు చూసుకుందాం" అన్నాడు మరిది, కుర్చీ మడుస్తూ.

"రేపూ నాకు పని ఇక్కడే" అంది సూదక్క.